బడి దారి పిల్లల కొలతకు ఉందా?

బడి గంట కొట్టడానికి పావుగంట ముందు గేటు దగ్గర నిలబడి చూస్తే చాలు, పిల్లలు నడిచో, సైకిల్ మీదో, స్కూటర్ మీదో బడికి వెళ్లడంలో ఉన్న చిక్కంతా కళ్లకు కడుతుంది. కార్లు, బైకులు అడ్డదిడ్డంగా ఆగి ఉంటాయి. వెనక ఉన్నవాళ్లు హారన్ మోగిస్తుంటారు. రెండు బండ్ల మధ్య సందులోంచి ఓ పాప గేటు వైపు పరుగు తీస్తుంది. కిలోమీటరు కూడా లేని దూరానికి బండెందుకని ఆ పాపను దింపిన తండ్రిని అడిగితే, "ఈ ట్రాఫిక్‌లో చిన్నపిల్లను నడిపించి ఎలా పంపుతాం?" అంటాడు. ఆయన భయంలో తప్పేం లేదు. కాకపోతే ఆయన భయపడుతున్న ట్రాఫిక్‌లో ఆయన బండి కూడా ఒకటి.

భయం వల్ల బండ్లు పెరుగుతాయి. బండ్లు పెరిగాక ఇంకొందరికి భయం పుడుతుంది. నిన్నటిదాకా చెయ్యి పట్టుకుని నడిపించిన తల్లి కూడా రేపు బండి తీస్తుంది. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి. పిల్లలకు జాగ్రత్తలు నేర్పితే అది తెగుతుందని చాలామంది అనుకుంటారు. నేర్పాల్సిందే, సందేహం లేదు. కానీ పిల్లల కన్నుకు, మెదడుకు, ఎత్తుకు ఆ వయసులో ఒక హద్దు ఉంటుంది. ఎన్ని పాఠాలు చెప్పినా ఆ హద్దు జరగదు. అక్కడినుంచి మిగిలిన పని రోడ్డు మీద జరగాలి, పెద్దలు చేయాలి.

ముందుగా ఒక మాట. స్కూటర్ అనగానే మనకు పెట్రోలు బండి గుర్తొస్తుంది. ఇక్కడ చెబుతున్నది ఒక కాలు పలక మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్నుకుంటూ వెళ్లే కిక్ స్కూటర్ గురించి. బ్యాటరీతో నడిచేదాని సంగతి వేరు. దాని వేగం వేరు, చాలా దేశాల్లో దాని రూల్సూ వేరు. చిన్నపిల్లల బడి ప్రయాణానికి అది పనికిరాదు.

పిల్లలు ఎటు పోయారు?

ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండానే బడికి వెళ్లేవారు. 1990 నాటికి అలా వెళ్లేవాళ్లు 9 శాతానికి పడిపోయారు. మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడు (మేయర్ అన్నది ఆయన పేరే, పదవి కాదు), ఆయన సహచరులు తీసిన లెక్క ఇది. అదే కాలంలో రోడ్ల మీద చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. దాన్ని చూపించి రోడ్లు భద్రంగా మారాయని ప్రభుత్వం చెప్పుకునేది. హిల్‌మన్ బృందం దీన్ని తిరగేసి అడిగింది: రోడ్లు మారాయా, లేక పిల్లలే రోడ్ల మీద కనిపించకుండా పోయారా? ఈ ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఈరోజు కూడా అడగొచ్చు. ఒక వీధిలో పిల్లల ప్రమాదాలు సున్నా అని చెబితే, అక్కడ అసలు పిల్లలు నడుస్తున్నారా అన్నది ముందు చూడాలి.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1969లో 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 48 శాతం మంది నడిచో సైకిల్ మీదో బడికి వెళ్లేవారు, 2009లో 13 శాతం. దూరం పెరగడం ఇందులో ఒక కారణం. ఊరి మధ్య ఉండే చిన్న బడులు పోయి, ఊరి చివర విశాలమైన స్థలాల్లో పెద్ద బడులు వచ్చాయి. బడి ఎక్కడ కడతామన్నది నిర్ణయించిన రోజే ఎంతమంది నడుస్తారన్నది చాలావరకు తేలిపోతుంది. ఆ నిర్ణయం తీసుకునేవాళ్లు మాత్రం దాన్ని రవాణాకు సంబంధించిన విషయంగా చూడరు. అయితే దూరం ఒక్కటే కారణమైతే దగ్గర్లో ఉన్న పిల్లలైనా నడుస్తూ ఉండాలి. వాళ్లూ తగ్గారు.

దీనివల్ల ఏం పోయిందో చెప్పడానికి పెద్ద వివరణ అక్కర్లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో ప్రతి ఐదుగురిలో నలుగురికి అది అందడం లేదు. చిన్నపిల్లలు నింపాదిగా నడిస్తే కిలోమీటరుకు పావుగంట పడుతుంది. రానుపోను అరగంట. అంటే కావలసిన గంటలో సగం ఏ ఆటల క్లాసూ, ఏ ఫీజూ లేకుండా దారిలోనే వచ్చేస్తుంది. 2012లో డెన్మార్క్‌లో దాదాపు 20 వేల మంది పిల్లల మీద జరిపిన పరిశీలనలో, నడిచో సైకిల్ మీదో వచ్చినవాళ్లు ఏకాగ్రత కావలసిన పనులు మెరుగ్గా చేశారని, ఆ తేడా సుమారు నాలుగు గంటలదాకా కనిపించిందని తేలింది. ఇలాంటి ఫలితాలను మరీ సాగదీయకూడదు. నడిచే పిల్లల ఇళ్లలో వేరే మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు. కానీ ఉదయం చెమట పట్టేలా కాళ్లు ఆడించి వచ్చిన పిల్లలు మొదటి పీరియడ్‌లో ఆవులించరన్నది టీచర్లకు కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

"చూసుకుని దాటు" అంటే సరిపోతుందా?

రోడ్డు దాటడం పెద్దలకు అలవాటైపోయిన పని. అందులో ఎన్ని లెక్కలు ఉన్నాయో మనకు గుర్తే ఉండదు. వస్తున్న బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది, రెండు బండ్ల మధ్య ఖాళీ ఎంత, ఆ ఖాళీలో నేను అవతలికి చేరగలనా... ఇవన్నీ ఒక్క సెకనులో తేల్చుకుని అడుగు వేస్తాం. పిల్లలకు ఇందులో ప్రతి మెట్టు దగ్గరా తడబాటే.

ఒక వస్తువు మన వైపు వస్తున్నప్పుడు అది కంటికి క్రమంగా పెద్దదవుతూ కనిపిస్తుంది. అలా పెరిగే తీరును బట్టి మెదడు వేగాన్ని అంచనా వేస్తుంది. బండి ఎంత వేగంగా వస్తుంటే, మనల్ని చేరడానికి ఐదు సెకన్లు ఉన్నప్పుడు అది అంత ఎక్కువ దూరంలో ఉంటుంది. దూరంలో ఉన్నది కంటికి పెరిగినట్టే అనిపించదు. 2011లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గంటకు 32 కిలోమీటర్లకు మించిన వేగంతో వచ్చే బండి కదులుతోందనే సంగతిని కచ్చితంగా పట్టుకోలేరు. అంటే ఎక్కువ ప్రమాదకరమైన బండే పిల్లల కంటికి ఆగి ఉన్నట్టు కనిపిస్తుంది. ఇటూ అటూ చూడమని మనం నేర్పాం, వాళ్లూ చూశారు. చూసినా కనబడనిది ఒకటుందని మనకే తెలియదు.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ప్రయోగం ఇంకో కోణం చూపిస్తుంది. వర్చువల్ రియాలిటీ గదిలో బండ్లు వరసగా వచ్చే రోడ్డును పిల్లల చేత పదే పదే దాటించారు. ఆరేళ్ల పిల్లలు దాటిన నూటిలో 8 సార్లు ఉత్తుత్తి కారు వచ్చి తగిలింది. ఎనిమిదేళ్లవాళ్లకు 6, పదేళ్లవాళ్లకు 5, పన్నెండేళ్లవాళ్లకు 2. పద్నాలుగేళ్లకు గానీ అది సున్నా కాలేదు. ఇందులో ఆసక్తికరమైన విషయం పన్నెండేళ్లవాళ్లది. ఖాళీని సరిగ్గా అంచనా వేయడం వాళ్లకూ పెద్దల్లా రాదు. అందుకని వాళ్లు ఇంకా పెద్ద ఖాళీ వచ్చేదాకా ఆగి తమ లోటును పూడ్చుకున్నారు. చిన్నవాళ్లు అలా ఆగలేదు. పైగా ఖాళీ వచ్చిన క్షణంలో అడుగు వేయడానికి కాస్త ఆలస్యం చేశారు, ఆ ఆలస్యమే తగలడానికి కారణమైంది. అందుకే "తొందరగా దాటు" అనడం కన్నా "ఇంకో బండి పోనీ, తర్వాత వెళ్దాం" అనడం చాలా మంచి పాఠం.

ఎత్తు సంగతి మరీ మొరటు నిజం. ఆరేళ్ల పిల్లలు సగటున 115 సెంటీమీటర్ల దగ్గర ఉంటారు. రోడ్డు పక్కన ఆగిన ఓ మోస్తరు కారు వెనక నిలబడితే వాళ్లకు రోడ్డు కనబడదు, రోడ్డు మీదివాళ్లకు వాళ్లు కనబడరు. పెద్ద బండ్ల బానెట్లు ఏటికేడూ ఎత్తు పెరుగుతుంటే ఇది ఇంకా ముదురుతోంది. దీనికి తోడు ఆ వయసులో ఒక నమ్మకం ఉంటుంది: నాకు కారు కనిపిస్తోంది కాబట్టి కారు నడిపే ఆయనకూ నేను కనిపిస్తున్నాను. ఇక అవతలి వైపు నుంచి స్నేహితుడు పేరు పెట్టి పిలిచాడంటే అన్ని పాఠాలూ గాలికి పోతాయి. ఇవేవీ పిల్లల తప్పులు కావు, వయసు లక్షణాలు.

పదమూడు మీటర్ల లెక్క

బండి వేగం దగ్గరికి వస్తే ఒక చిన్న లెక్క వేసుకుందాం. డ్రైవర్ ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 8 మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు పడితే ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే బండి 50లో వస్తుంటే మొదటి సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటిపోతుంది. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండో బండి ఇంకా బ్రేకు వేయడమే మొదలుపెట్టలేదు! పిల్లవాడు 13 మీటర్ల దూరంలో రోడ్డు మీదకు ఉరికితే ఒక డ్రైవర్ తిట్టి ఊరుకుంటాడు, ఇంకో డ్రైవర్ యాభై వేగంతోనే గుద్దేస్తాడు. ఇద్దరికీ డ్రైవింగ్ ఒకేలా వచ్చినా సరే.

పిల్లలు, నడిచేవాళ్లు, సైకిళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు ప్రకటించడం వెనక ఉన్నది ఈ లెక్కే. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లోనే ప్రధాన రహదారులు మినహా ఊరంతటికీ ఈ హద్దు పెట్టింది. స్పెయిన్ 2021లో ఊళ్లలోని ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న రోడ్లన్నిటికీ తెచ్చింది. అయితే బోర్డు పెట్టినంత మాత్రాన వేగం తగ్గదు. రోడ్డు వెడల్పుగా, తిన్నగా ఉంటే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదకు పోతుంది. స్పీడ్ బ్రేకర్లు, మలుపు దగ్గర రోడ్డును ఇరుకు చేయడం, క్రాసింగ్‌ను ఫుట్‌పాత్ ఎత్తుకు లేపడం లాంటివి ఉన్నచోటే బోర్డు మాట చెల్లుతుంది.

నెదర్లాండ్స్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఈరోజు అందరూ సైకిళ్ల దేశం అని మురిసే ఆ దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. కూతురిని అలా పోగొట్టుకున్న పాత్రికేయుడు విక్ లాంగెన్‌హోఫ్ "పిల్లల హత్యలు ఆపండి" అనే అర్థం వచ్చే శీర్షికతో 1972లో ఒక వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీద కూర్చున్నారు. ఇళ్ల మధ్య వీధుల్లో బండి నడకను మించిన వేగంతో పోకూడదనే ఏర్పాటుకు 1976లో చట్టబద్ధత వచ్చింది. సైకిళ్లకు విడి దారులు తర్వాత తర్వాత పెరిగాయి. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, ఆ దేశంలో బడి పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష 1932లోనే మొదలైంది. అంటే 1971 నాటికి అక్కడ రోడ్డు పాఠాలకు దాదాపు నలభై ఏళ్ల చరిత్ర ఉంది. పాఠాలు ఉండి కూడా అంతమంది పిల్లలు పోయారు. పరిస్థితి మారింది రోడ్లు మారాకే. ఇప్పటికీ పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు ఆ పరీక్ష రాస్తారు, సైకిల్ తొక్కి చూపిస్తారు. ఇప్పుడు ఆ పాఠానికి తగ్గ రోడ్డు ఉంది కాబట్టి అది పనిచేస్తోంది.

జపాన్‌ది దీనికి ఇంకో వైపు. అక్కడ ప్రాథమిక పాఠశాల పిల్లలు నడిచి వెళ్లడం మామూలు సంగతి. బడి నిర్ణయించిన దారిలోనే వెళ్తారు. చాలా చోట్ల ఒకే వీధి పిల్లలు వరసగా, పై తరగతి వాళ్లు ముందుండి నడిపిస్తుండగా పోతారు. ఒకటో తరగతి వాళ్లకు పసుపు టోపీలు. క్రమశిక్షణలో వంక పెట్టడానికేం లేదు. అయినా 2012 ఏప్రిల్‌లో కామెఓకా అనే ఊళ్లో, పెద్దవాళ్లు తోడుండగా బృందంగా నడుస్తున్న పిల్లల మీదకు లైసెన్సు లేని యువకుడు నడుపుతున్న కారు దూసుకెళ్లింది. ఆ పిల్లలు చేసిన తప్పు ఏదీ లేదు. ఆ తర్వాత బడులు, పోలీసులు, రోడ్ల శాఖలు కలిసి దేశమంతా బడి దారులను తనిఖీ చేశాయి. సరిచేయాల్సిన చోట్లు దాదాపు 74 వేలు బయటపడ్డాయి. అంత పద్ధతిగా నడిచే దేశంలోనే 74 వేలు ఉంటే, ఎవరూ లెక్కపెట్టని చోట్ల ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు.

గేటు ముందు వీధి

మార్పు మొదలుపెట్టడానికి ఊరంతా తవ్వాల్సిన పని లేదు. ఎక్కువ గందరగోళం బడికి చివరి రెండు మూడు వందల మీటర్లలో, అదీ రోజుకు రెండు అరగంటలు. ఇటలీలోని బోల్జానో నగరం 1989లో చేసింది ఇదే. బడి మొదలయ్యే, వదిలే సమయాల్లో గేటు ముందు వీధిలోకి బండ్లు రాకుండా ఆపింది. 'బడి వీధి' అనే ఈ పద్ధతి తర్వాత ఎన్నో నగరాలకు పాకింది. లండన్‌లో ఇలాంటివి 500కు పైగా ఉన్నాయి, పారిస్‌లో 200 దాటాయి. ఆ వీధిలో ఉండేవాళ్లకు, అంబులెన్సులకు, నడవలేని పిల్లలను తెచ్చే బండ్లకు మినహాయింపు ఉంటుంది. కొన్ని చోట్ల వాలంటీర్లు అడ్డంగా బారికేడ్ పెడతారు, కొన్ని చోట్ల కెమెరాలే చలానా వేస్తాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఎక్కడైనా ఒకటే: "ఆ బండ్లన్నీ మా వీధిలోకి వస్తాయి." పక్క వీధివాళ్ల భయం సహజం. అప్పటికే జరిగిన ఇలాంటి ప్రయత్నాలను 2020లో ఎడిన్‌బరో నేపియర్ విశ్వవిద్యాలయం పరిశీలించి, చాలావరకు పక్క వీధులకు చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదని, మొత్తం మీద బండ్లే తగ్గాయని తేల్చింది. కారణం తేలికే. గేటు దాకా బండి పోదని తెలిస్తే, దగ్గర్లో ఉన్నవాళ్లలో కొందరు అసలు బండే తీయరు.

దూరం నుంచి వచ్చేవాళ్లను ఇందులో దోషులుగా చూడటం మాత్రం పొరపాటు. ఐదు కిలోమీటర్లు ఆరేళ్ల పిల్ల నడవలేదు. వాళ్లకు పనికొచ్చేది బండిని బడికి అర కిలోమీటరు ముందే ఆపి, అక్కడినుంచి నడిపించడం. అలా ఆపుకోవడానికి ఒక మైదానమో, ఖాళీ స్థలమో బడివాళ్లు మాట్లాడి పెడితే తల్లిదండ్రులు వింటారు. చోటు చూపించకుండా గేటు దగ్గరకు రావద్దని సర్క్యులర్ పంపితే మాత్రం ఎవరూ వినరు.

ఏ చోట ప్రమాదం ఉందో పిల్లలనే అడగాలన్నది ఇంకో మంచి ఆలోచన. డెన్మార్క్‌లోని ఓడెన్స్ నగరం తన బడి దారులను సరిచేసే పనిని దశాబ్దాల క్రితమే ఇలా మొదలుపెట్టింది. నార్వే రాజధాని ఓస్లో ఇందుకోసం 'ట్రాఫిక్ ఏజెంట్' అనే యాప్ తెచ్చింది. పిల్లలు రహస్య ఏజెంట్లలా దారిలో భయం వేసిన చోట, పొద ఎదిగి మలుపు కనబడని చోట మీట నొక్కుతారు, సమాచారం నగరపాలక సంస్థకు పోతుంది. మ్యాప్ ముందు కూర్చున్న ఇంజినీరుకు ఆ పొద ఎప్పటికీ కనబడదు. నార్వే మొత్తం మీద 2019లో 16 ఏళ్లలోపు పిల్లలు ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు. ఇది ఒక్క యాప్ ఘనత అనడం అతి అవుతుంది. ఆ దేశం వేగాల మీద, రోడ్ల మీద, డ్రైవర్ల మీద ఏళ్ల తరబడి చేసిన పని ఫలితం అది.

గుంపు బలం

నడిచే బస్సు అనే ఆలోచనను 1992లో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ ముందుకు తెచ్చాడు. పేరు విని నవ్వొస్తుంది గానీ పద్ధతి నిజంగా బస్సులాగే ఉంటుంది. ఒక దారి, దానిమీద స్టాపులు, ప్రతి స్టాపుకూ ఒక టైము. ముందు ఒకరు, వెనక ఒకరు పెద్దవాళ్లు ఉంటారు, మధ్యలో పిల్లలు చేరుతుంటారు. తల్లిదండ్రులు వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి వారంలో ఒక రోజే పని పడుతుంది. పిల్లలతో రోజూ నడిచే తీరిక లేక బండి తీసేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. ఇదే పద్ధతి సైకిళ్లతోనూ నడుస్తుంది. బార్సిలోనాలో 2021లో మొదలైన సైకిల్ బస్సుల్లో పిల్లలు రోడ్డు నిండా కలిసి తొక్కుతూ వెళ్లే దృశ్యాలు చాలా దేశాల్లో ఇలాంటివి మొదలవడానికి ఊపునిచ్చాయి.

నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువగా ఉన్నచోట ఒక్కొక్కరికి ఉండే ప్రమాదం తక్కువని 2003లో పరిశోధకుడు పీటర్ జాకబ్‌సన్ వేర్వేరు నగరాల, దేశాల లెక్కలు పోల్చి చూపించాడు. ఆయన లెక్కలో నడిచేవాళ్లు రెట్టింపైతే దెబ్బలు తగిలేవాళ్లు మూడో వంతు మాత్రమే పెరుగుతారు. ఎక్కువ మంది ఉండటం వల్ల డ్రైవర్లు జాగ్రత్తపడుతున్నారా, రోడ్డు బాగుండటం వల్ల ఎక్కువ మంది వస్తున్నారా అన్న వాదన ఇంకా తెగలేదు. రెండూ ఉండే ఉంటాయి.

తల్లిదండ్రుల భయం బండ్ల దగ్గరే ఆగదు. దారిలో ఎవరైనా వేధిస్తారేమో, ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న టెన్షన్ కూడా ఉంటుంది. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఒంటరిగా పంపడానికి, అసలు పంపకపోవడానికి మధ్య దారి మళ్లీ గుంపే. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చినప్పుడు, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం సుమారు 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ లెక్కగట్టారు. సైకిల్ వల్ల దూరం తగ్గింది, అది సరే. అందరికీ ఒకేసారి సైకిళ్లు రావడంతో అమ్మాయిలు కలిసి వెళ్లడం మొదలైంది. ఒక్క పిల్లకు ఒక్క సైకిల్ ఇచ్చి ఉంటే ఇంత జరిగేదా అన్నది అనుమానమే.

నేర్పే పని

ఇక పాఠాల సంగతి. క్లాసులో చార్టు పెట్టి చెప్పిన దానికన్నా రోడ్డు అంచున నిలబెట్టి చేయించిన సాధన పిల్లలకు అంటుకుంటుంది. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో మొదలైన 'కెర్బ్‌క్రాఫ్ట్' అనే శిక్షణ దీనికి మంచి నమూనా. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలను శిక్షణ పొందిన వాలంటీర్లు ఇద్దరు ముగ్గురు చొప్పున నిజమైన వీధిలోకి తీసుకెళ్తారు. నేర్పేవి మూడే: దాటడానికి మంచి చోటు వెతుక్కోవడం, ఆగి ఉన్న బండ్ల మధ్య నుంచి తప్పనిసరై దాటాల్సి వస్తే ఏం చేయాలి, కూడలి దగ్గర ఏ వైపులు చూడాలి. వాలంటీరు జవాబు చెప్పరు. "ఇక్కడ దాటొచ్చా? ఎందుకు?" అని అడుగుతారు.

ఇంట్లోవాళ్లు కూడా ఇదే చేయొచ్చు. రోజూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే పిల్లలకు దారే గుర్తుండదు, ఎందుకు ఆగామో ఎందుకు కదిలామో అసలే తెలియదు. కొన్నాళ్లు మనం ఆలోచించేది పైకి చెబుతూ దాటించాలి: "ఆ తెల్లకారు తిరుగుతుందేమో, ఆగుదాం." తర్వాత పాత్రలు మార్చాలి. "ఈరోజు నన్ను నువ్వు దాటించు." పిల్ల చెప్పినప్పుడే అడుగు వేయాలి, తప్పు చెబితే మాత్రం చెయ్యి వదలకూడదు. ఆ తర్వాత పది అడుగులు వెనక నడవడం, ఆ తర్వాత చివరి మలుపు దగ్గర ఆగిపోవడం. ఏ వయసులో ఒంటరిగా పంపాలన్న ప్రశ్నకు ఒకే అంకె లేదు. రోడ్డును బట్టి, పిల్లను బట్టి అది ఎనిమిదీ కావచ్చు, పన్నెండూ కావచ్చు. నాలుగు లేన్ల రోడ్డు సిగ్నల్ లేకుండా దాటాల్సి ఉంటే పన్నెండు కూడా తక్కువే.

కిక్ స్కూటర్‌తో వచ్చే చిక్కులు వేరు. దాని ముందు చక్రం చిన్నది. సైకిల్ పట్టించుకోని పగులు, రాయి దాన్ని ఠక్కున ఆపేస్తాయి, పిల్లవాడు ముందుకు పడతాడు, చేతులు ఆనిస్తాడు, మణికట్టు దెబ్బతింటుంది. వెనక చక్రం మీద కాలితో నొక్కే బ్రేకు తడి నేల మీద సరిగ్గా పట్టదు. వాన రోజు స్కూటర్ ఇంట్లో ఉండటమే మేలు. సంచీ హ్యాండిల్‌కు తగిలిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది, వీపు మీదే ఉండాలి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే స్కూటర్ మీద పిల్లవాడు పెద్దవాళ్ల నడక కన్నా రెట్టింపు వేగంతో పోతాడు. "మరీ దూరం వెళ్లకు" అంటే వాడికి అర్థం కాదు. "ఆ పచ్చగేటు దగ్గర ఆగి నాకోసం చూడు" అంటే అర్థమవుతుంది. ఇళ్ల గేట్లలోంచి బండ్లు వెనక్కి వచ్చే చోట్లు ముందే గుర్తు పెట్టుకుని, అక్కడ దిగి నడవడం అలవాటు చేయాలి. రోడ్డు దాటేటప్పుడు స్కూటరైనా సైకిలైనా దిగి తోసుకుంటూనే దాటాలి.

సైకిల్ కొనేటప్పుడు చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దది కొంటారు. సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు అందని సైకిల్‌ను పిల్లలు అదుపు చేయలేరు, బ్రేకు లివరు వేళ్లకు అందదు. చొక్కా వదులుగా ఉంటే పోయేదేం లేదు, సైకిల్ సంగతి అలా కాదు. హెల్మెట్ కూడా అంతే. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్లకు మించి ఖాళీ ఉండకూడదు. నుదురు వదిలేసి వెనక్కి పెట్టుకున్న హెల్మెట్ అలంకారమే. గట్టి దెబ్బ తగిలినదాన్ని పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. ఇక రోడ్డు మీద సైకిల్‌కు అసలు గండం లారీలు, బస్సుల పక్క భాగం. తిరగబోయే పెద్ద బండి పక్కన డ్రైవర్‌కు కనబడని చోటు ఉంటుందని పిల్లలకు మాటల్లో చెప్పడం కన్నా, ఆపి ఉన్న లారీ డ్రైవర్ సీట్లో ఒక్కసారి కూర్చోబెట్టి చూపిస్తే జన్మలో మరిచిపోరు. కొన్ని దేశాల బడుల్లో ఇది చేస్తారు కూడా.

మెరిసే జాకెట్ల మీద ఒక చిన్న మాట. కళ్లకు కొట్టొచ్చే పసుపు, నారింజ రంగులు పగటిపూట కనబడతాయి, చీకట్లో వాటి వల్ల ఉపయోగం లేదు. చీకట్లో పనిచేసేది హెడ్‌లైటు వెలుతురును తిప్పికొట్టే పట్టీ. అది ఛాతీ మీద కన్నా చీలమండలకు కడితే మేలు, పైకీ కిందికీ కదిలే వెలుగును చూసి అది మనిషని డ్రైవర్ తొందరగా గుర్తుపడతాడు. వాటిని ఇవ్వాలి, వాడాలి. అయితే గుద్దిన తర్వాత "పిల్లవాడు పసుపు జాకెట్ వేసుకోలేదు" అనే వాదనకు అవి ఆధారం కాకూడదు.

బ్యాడ్జీలు, స్టిక్కర్లు, నడక వారోత్సవాల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పిల్లలు వాటికోసం ఉత్సాహపడతారు, ఆ వారం గేటు దగ్గర బండ్లు తగ్గుతాయి. రోడ్డు మారని చోట తర్వాతి సోమవారానికి అంతా మామూలే. ఆ వారం రోజుల్లో ఎన్ని కుటుంబాలు ఏ మలుపు దగ్గర ఇబ్బంది పడ్డాయో రాసుకుని, ఆ కాగితాన్ని రోడ్ల శాఖకు పంపితే వారోత్సవం వల్ల నిజంగా ఒక పని జరిగినట్టు.

బడి దారిని పరిశీలించే ఎవరైనా ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని, పిల్లల కంటి ఎత్తు నుంచి ప్రతి క్రాసింగ్‌నూ చూడాలి. ఆ పని ఉదయం ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. ఉదయం గేటు దగ్గర టీచర్లుంటారు, వాలంటీర్లుంటారు, పిల్లల చెయ్యి పట్టుకుని ఎవరో ఒకరుంటారు. సాయంత్రం వీళ్లెవరూ ఉండరు. పిల్లలు అలసిపోయి, ఆకలితో, ఒకరినొకరు తరుముకుంటూ గుంపుగా బయటికి వస్తారు. రోడ్ల మీద పిల్లలకు దెబ్బలు ఎక్కువగా తగిలేది చాలా దేశాల్లో ఆ సమయంలోనే.